మైనస్ మూడేళ్ల తర్వాత

సున్నా చుట్టబోయిన ఎర్ర పెన్ను కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోయింది.

"ఏంటి టీచర్, సిరా అయిపోయిందా?" అన్నాడు పక్క కుర్చీలోని మాస్టారు. ఆయన గుసగుస కూడా నాలుగు బల్లల అవతలికి వినిపిస్తుంది. సైలెన్సర్ ఊడిన మోటారుసైకిల్ లాంటి గొంతు కావడంతో అందరూ ఆయన్ని సైలెన్సర్ మాస్టారనే పిలుస్తారు.

"సిరా నిండా ఉంది మాస్టారూ. సున్నా పెట్టడానికే కారణం దొరకట్లేదు."

పరీక్ష పేపర్లు దిద్దే హాలు అది. పొడుగాటి బల్లలు వరసగా వేశారు. ప్రతి బల్ల మీదా పురికొసతో కట్టిన జవాబు పత్రాల కట్టలున్నాయి. ప్రతి కుర్చీ ముందూ టేపుతో అతికించిన ఒక కాగితం ఉంది. దాన్ని అక్కడ 'కీ' అంటారు. ఏ ప్రశ్నకి ఏ జవాబుంటే ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. దిద్దేవాళ్ల తలలో ఏముందన్నది ఆ హాల్లో ఎవరికీ అక్కర్లేదు, కీలో ఏముందన్నదే కావాలి.

టీచర్ మళ్లీ ప్రశ్న చదివింది. 'తల్లి వయసు 38. కూతురి వయసు 10. ఎన్ని సంవత్సరాల తర్వాత తల్లి వయసు కూతురి వయసుకు అయిదు రెట్లు అవుతుంది?' అయిదు మార్కుల ప్రశ్న. జవాబు తప్పితే సున్నా. మధ్యలో వేసిన మెట్లకి మార్కుల్లేవు.

కీలో జవాబు: 3.

ఆవిడ ముందున్న పేపర్లో గుండ్రటి అక్షరాలతో ఎవరో పిల్ల రాసింది. తెలియని సంఖ్యని x అనుకుంది. 38 + x = 5(10 + x) అని సమీకరణం వేసింది. ఒక్కో మెట్టూ దిగి x = –3 దగ్గర ఆగింది. అక్కడితో వదిలెయ్యలేదు. 'అంటే ఇది ముందు జరగబోయేది కాదు. మూడేళ్ల కిందటే అయిపోయింది. అప్పుడు తల్లికి 35, కూతురికి 7. ఏడైదులు ముప్పై అయిదు. సరిపోయింది' అని రాసి, కింద గీత గీసింది.

టీచర్ కీ వైపు చూసింది. మూడేళ్ల తర్వాత తల్లికి నలభై ఒకటి. కూతురికి పదమూడు. పదమూడైదులు అరవై అయిదు. నలభై ఒకటెక్కడ, అరవై అయిదెక్కడ!

బడిలో ఆవిడకి 'సరిచూడు టీచర్' అని పేరు. ఏ పిల్ల లెక్క చేసి తెచ్చినా, జవాబు చూడకముందే "సరిచూశావా?" అంటుంది. వచ్చిన జవాబుని మళ్లీ ప్రశ్నలో పెట్టి చూడందే పుస్తకం ముట్టుకోదు.

"మాస్టారూ, ఈ కీ తప్పు," అంది.

"తెలుసు టీచర్. పొద్దున ఇరవయ్యో పేపర్లోనే చూశా."

"చూసి?"

"చూసి సున్నాలు పెట్టా." ఆయన తల పైకెత్తకుండానే ఇంకో పేజీ తిప్పాడు. "పాత పుస్తకంలో లెక్కే టీచర్ అది. అందులో 'ఎన్నేళ్ల కిందట' అని ఉంటుంది, జవాబు మూడు. పిల్లలకి గైడుల్లో దొరక్కూడదని మన చీఫ్‌గారు 'కిందట' తీసేసి 'తర్వాత' పెట్టారు. జవాబు మాత్రం పాతదే ఉంచేశారు. కొత్త చొక్కాకి పాత గుండీలు కుట్టినట్టు."

"మరి నోరిప్పలేదేం?"

"పిల్లి మెడలో గంట కట్టడానికి ఈ హాల్లో నేనే దొరికానా?"

టీచర్ ఆ పేపర్ పట్టుకుని లేచింది.

చీఫ్ వేదిక మీద కూర్చుంటాడు. ప్రశ్నపత్రం తయారుచేసిందీ ఆయనే, కీ రాసిందీ ఆయనే, ఇప్పుడు దిద్దేవాళ్ల మీద పెద్దా ఆయనే. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ చేతిలోని రబ్బరు స్టాంపుతో సిరా డబ్బా మూత మీద టకటకా కొడుతూ ఉంటాడు. ఎంత ముఖ్యమైన మాటైనా ఆ టకటకల మధ్య రోట్లో పప్పులా నలిగిపోతుంది.

"సార్, ఈ లెక్కకి జవాబు మైనస్ మూడు."

టక్. టక్. "ఏళ్లు మైనస్‌లో ఎలా ఉంటాయమ్మా? వయసు, పొడవు, బరువు మైనస్ రావు. ఆ మాత్రం మీరు పిల్లలకి చెప్పట్లేదా?"

"మైనస్ వచ్చింది వయసుకి కాదు సార్. వయసులు ముప్పై అయిదూ, ఏడూ, నిక్షేపంలా ఉన్నాయి. మైనస్ వచ్చింది మన 'తర్వాత'కి. మనం ముందుకెళ్లమన్నాం, లెక్క వెనక్కెళ్లమంది."

"మీ వయసెంత టీచర్?"

"నలభై నాలుగు."

"మైనస్ నలభై నాలుగు కాదుగా?"

వేదిక దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వారు. వెనక వరసలకి ఎందుకు నవ్వాలో తెలియకపోయినా, పెద్దాయన జోకు కాబట్టి వాళ్లూ నవ్వారు. టీచర్ చెవులు వేడెక్కాయి. బడిపిల్లని చేసి మాట్లాడినట్టుంది.

"ఈ పిల్లకి సున్నా ఎలా పెట్టమంటారు సార్? లెక్క చేసింది, సరిచూసింది, అర్థం కూడా రాసింది."

"నూటికి ఎనభై మంది మూడే రాశారు. అంతమందీ తప్పు, మీ ఒక్క పిల్లా ఒప్పూనా?"

"చేతులెత్తితే లెక్క మారుతుందా సార్?"

స్టాంపు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. "కీ అంటే కీ. వెళ్లి పని చూసుకోండి."

ఆవిడ కుర్చీలోకి వచ్చి కూర్చుంది. మైనస్ మూడు రాసిన పేపర్లలో ఆ ప్రశ్న దగ్గర ఏమీ పెట్టకుండా, వాటిని విడిగా బల్ల అంచున పేర్చడం మొదలెట్టింది. మూడు రాసిన పేపర్లలో చాలావాటిలో ఒకటే చిత్రం కనిపించింది. పై మెట్టులో –3 అని ఉంటుంది. కింది మెట్టులో మైనస్ మాయమై 3 మిగులుతుంది. కొందరు మైనస్ గీతని గోరుతో గీకేశారు. కొందరు కొట్టేశారు. వెయ్యి చేతులకి ఒకే తప్పు ఒకే రకంగా ఎలా వచ్చింది?

సైలెన్సర్ మాస్టారు ఇటు వంగి, తనకి చేతనైనంత రహస్యంగా అడిగాడు. "టీచర్, మీ మేనకోడలు కూడా ఈసారే రాసిందిగా? మీ ఇంట్లోనే ఉంటుందిగా? అదేం రాసిందో!"

నాలుగు బల్లల అవతల తలలు తిరిగాయి. వేదిక మీద టకటక ఆగింది.

*

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మేనకోడలు నేల మీద బాసింపట్టు వేసుకుని ఇస్త్రీపెట్టె ప్లగ్గు విప్పుతోంది. మరలు మూడూ ఒక మూతలో పోసుకుంది. నోట్లో స్క్రూడ్రైవరు.

"అత్తా, ఇందులో వైరు కాలిపోయింది. నువ్వు చూసుకోకుండా వాడుతున్నావు. ఏదో ఒకరోజు నువ్వు కూడా ఇస్త్రీ అయిపోతావు."

టీచర్ చెప్పులు విప్పి గోడకి జారగిలబడింది. ఈ పిల్లకి కరెంటు పనంటే ప్రాణం. పక్క ఊళ్లో ఎలక్ట్రికల్ డిప్లొమా, హాస్టల్‌తో సహా ఉచితం. సీటు ఈ పరీక్ష మార్కుల మీదే ఇస్తారు. పోయినేడు ఏ మార్కు దగ్గర సీట్లు ఆగాయో కనుక్కుని, తను రాసినవన్నీ కూడి చూసుకుంది. సీట్లు ఆగిన ఆ గీతకి పైన సరిగ్గా రెండు మార్కుల్లో ఉంది. తండ్రి లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. ఫోన్ చేసినప్పుడల్లా "మా ఇంజనీరుగారున్నారా?" అని అడుగుతాడు.

"తల్లీ కూతుళ్ల లెక్క ఏం చేశావే?" వీలైనంత మామూలుగా అడిగింది టీచర్.

"అదా? వచ్చేసిందిగా. మూడు."

"మూడేంటి?"

"మొదట మైనస్ మూడు వచ్చిందత్తా. ట్యూషన్ సార్ చెప్పాడుగా, వయసు లెక్కలో మైనస్ వస్తే కళ్లు మూసుకుని కొట్టెయ్యమని. ఏళ్లు మైనస్ ఉండవంట. కొట్టేశా. ఎందుకు, తప్పా?"

వెయ్యి చేతుల రహస్యం విడిపోయింది. టీచర్‌కి ఒళ్లు మండింది. ఊరంతా ట్యూషన్లు, ట్యూషన్లన్నిట్లో ఒకటే మంత్రం. లెక్క నిజం చెబితే ఆ నిజం నోరు నొక్కెయ్యడం నేర్పుతున్నారు, డబ్బు పుచ్చుకుని మరీ.

"సరిచూశావా?"

మేనకోడలు నోట్లోంచి స్క్రూడ్రైవరు తీసింది. పెదాలు కదిలాయి. ముప్పై ఎనిమిదీ మూడూ నలభై ఒకటి... పదమూడైదులు... చేతిలోని వైరు జారి ఒళ్లో పడింది.

"అత్తా! అరవై అయిదు వస్తోంది!"

"ఊఁ."

"అయితే నా అయిదు మార్కులూ?"

"కీలో మూడే ఉంది. నీకు అయిదూ పడతాయి."

పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. మీవాళ్లు కూడా మా ట్యూషన్‌లోనే చదివారా ఏంటి?" అని నవ్వి, మళ్లీ మరలు బిగించడంలో పడింది.

టీచర్ నవ్వలేదు. గుండ్రటి అక్షరాల పిల్ల కళ్లముందు మెదిలింది. దానికీ ఇంట్లో ఎవరో ఉంటారు. దానికీ ఎక్కడో ఒక సీటుంటుంది. కీ మారితే మేనకోడలు సీట్ల గీతకి మూడు మార్కుల కింద పడుతుంది. మారకపోతే ఆ పిల్ల పడుతుంది. తను నోరు మూసుకుంటే చాలు. అడిగేవాళ్లు లేరు. చీఫే స్వయంగా మూసుకోమన్నాడు.

*

మర్నాడు పొద్దున టీచర్ ఎవరినీ పలకరించకుండా పనిలోకి దిగింది. బల్ల అంచున విడిగా పెట్టిన దొంతరలోంచి పై పేపర్ తీసింది. మైనస్ మూడు. పెన్ను మూత విప్పింది. చుట్టడం మొదలెట్టింది. పైనుంచి ఎడమకి, ఎడమనుంచి కిందికి వచ్చింది. సగం సున్నా అయింది, కాగితం మీద ఎర్రటి కొడవలిలా.

ఆ పేపరు రాసినవాడెవరో జవాబు పక్కన ఇరుకుగా ఒక మాట రాశాడు. 'ప్రశ్నలో తర్వాత అని ఉంది. కానీ ఎన్నిసార్లు చేసినా కిందటే వస్తోంది. నేను అబద్ధం రాయలేను.'

టీచర్ పెన్ను మూత పెట్టేసింది. సగం సున్నాని అలాగే వదిలేసి లేచింది. బల్లల మధ్యగా నడిచి, గోడకున్న నల్లబల్ల దగ్గర ఆగింది. సుద్దముక్క తీసి, తరగతిలో రాసినంత పెద్దగా రాసింది.

38 + 3 = 41
(10 + 3) × 5 = 65

దాని కింద, కీ ప్రకారం: 41 = 65.

సుద్ద చప్పుడుకి ఒక్కొక్క తలా లేచింది.

"ఇక్కడున్న మనమంతా లెక్కలు చెప్పేవాళ్లం," అంది. "ఇది ఒప్పని మీ తరగతిలో చెప్పగలిగినవాళ్లు ఒక్కరు లేవండి. నేను వెళ్లి సున్నాలు పెట్టుకుంటా."

ఒక్కరూ లేవలేదు. చాలామంది కళ్లు బల్లల్లోకి దిగిపోయాయి. తెలియక కాదు, వీళ్లందరికీ తెలుసు! నిన్న నవ్వినవాళ్లకీ తెలుసు. ఆవిడకి చీఫ్ మీద కన్నా వీళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది.

చీఫ్ వేదిక దిగి వచ్చాడు. స్టాంపు చేతిలోనే ఉంది. మొహంలో తొందర లేదు. గెలుపు ముక్క జేబులో ఉన్నవాడి నడక అది.

"టీచర్‌గారి ఆవేశం ఎందుకో ఇప్పుడు నేను చెప్తా," అన్నాడు హాలంతటికీ వినపడేలా. "ఈవిడ మేనకోడలు ఈ పరీక్ష రాసింది. ఈవిడ ఇంట్లోనే ఉంటుంది. ఆ సంగతి మనకి చెప్పారా? చెప్పలేదు. ఆ పిల్ల మైనస్ మూడు రాసొచ్చింది. ఆ అయిదు మార్కుల కోసం ఇంతమంది పని ఆపేశారు. నేను పైకి రాస్తే ఈవిడ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

హాల్లో గుసగుసలు లేచాయి. "అదన్నమాట సంగతి!" అన్నారెవరో వెనక నుంచి, హాయిగా. అందరికీ పెద్ద బరువు దిగినట్టయింది. ఆవిడ స్వార్థపరురాలైతే తాము పిరికివాళ్లు కానక్కర్లేదు. సైలెన్సర్ మాస్టారు మాత్రం తేలు కుట్టిన దొంగలా తలొంచుకున్నాడు.

టీచర్ సుద్ద దులుపుకుంది. ముందు కోపం పొంగింది, తర్వాత విచిత్రంగా చల్లబడింది.

"ఈ డ్యూటీ వేసేటప్పుడు పరీక్ష రాసిన సొంత పిల్లలుంటే చెప్పమన్నారు, నాకు లేరు. అయినా చెప్పాల్సింది, ఒప్పుకుంటా. మా పిల్ల రాసిన మాట నిజమే సార్. కానీ మైనస్ మూడు కాదు, మూడు రాసింది."

టక్కుమనబోయిన స్టాంపు గాల్లోనే ఉండిపోయింది.

"మీ కీ ప్రకారం దానికి అయిదుకి అయిదు. కీ మారితే సున్నా. ఆ సున్నాతో దాని సీటు పోతుంది. ఆ కీ మార్చమనే నేను అడుగుతున్నా. పైకి రాయండి సార్. ఈ ముక్క కూడా కలిపి రాయండి."

చీఫ్ నల్లబల్ల మీది 41 = 65 వైపు చూశాడు. గొంతు సవరించుకుని మెత్తబడ్డాడు.

"సరే. గొడవెందుకు? మూడు రాసినా, మైనస్ మూడు రాసినా అందరికీ అయిదేసి ఇచ్చేద్దాం. మీ పిల్లకీ వస్తాయి. అందరికీ సంతోషమేగా?"

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "బంగారంలాంటి మాట," అన్నారెవరో. టీచర్ గుండె కూడా ఒక్క క్షణం ఎగిరింది. ఇస్త్రీపెట్టె ముందు కూర్చున్న పిల్ల, ఒళ్లో వైరు, "హమ్మయ్య!" అన్న మాట. ఊఁ అంటే చాలు. ఎవరూ వేలెత్తి చూపరు.

"వద్దు సార్," అంది.

"ఇంకేం కావాలమ్మా మీకు?"

"సరిచూసిన పిల్లకీ, చూడని పిల్లకీ ఒకటే మార్కయితే, రేపు బడికెళ్లి సరిచూడమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మైనస్ కొట్టేస్తే మార్కులొస్తాయని మనమే సంతకం పెట్టినట్టవుతుంది."

అప్పుడు సైలెన్సర్ మాస్టారు లేచాడు. ఆయన గొంతు జీవితంలో మొదటిసారి గొణుగులా వచ్చింది. అయినా అందరికీ వినిపించింది, మరొక చప్పుడు లేదు కనుక.

"నా కట్టల్లో నిన్న పెట్టిన సున్నాలున్నాయి. తెలిసే పెట్టా. కీ మార్చేదాకా నేను పెన్ను ముట్టుకోను."

ఆయన తన ఎర్ర పెన్నుకి మూత పెట్టాడు. చిన్న చప్పుడు. ఎదుటి బల్ల మీద ఇంకో మూత. తర్వాత కిటికీ పక్క. తర్వాత నిన్న అందరికన్నా పెద్దగా నవ్వినావిడ బల్ల మీద.

చీఫ్ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. మధ్యాహ్నం టీ కప్పులు తీసేసే వేళకి పాత కీ మీద కొత్త కాగితం అతికించారు. –3, లేదా మూడేళ్ల కిందట: అయిదు. 3: సున్నా. నిన్నటి కట్టలన్నీ మళ్లీ విప్పమన్నారు. పురికొసలు విప్పుతూ కొందరు టీచర్ వైపు గుర్రుగా చూశారు. ఆవిడ పట్టించుకోలేదు. సగం సున్నా ఉన్న పేపరు తీసి, ఎర్ర గీతని అడ్డంగా కొట్టేసి, పక్కన అయిదు వేసి, సంతకం పెట్టింది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చీఫ్ ఎదురయ్యాడు. "మీ ఇంటి దీపం మీరే ఊదేసుకున్నారు టీచర్," అన్నాడు.

"స్విచ్చి మీరు పెట్టింది సార్," అని వచ్చేసింది.

*

మేనకోడలికి సంగతి నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేననిపించింది.

పిల్ల పూర్తిగా విన్నది. మొహం ఎర్రబడింది. "అందరికీ ఇస్తానన్నాడా? నువ్వే వద్దన్నావా?"

"అవును."

"నువ్వు నాకు అత్తవా, కీవా?"

అంతే. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడుకోలేదు. ఫోన్ మోగితే టీచర్ ఎత్తలేదు. "మా ఇంజనీరుగారున్నారా?" అని తమ్ముడు అడిగితే ఏం చెప్పాలో ఆవిడకి తోచలేదు.

తెల్లారి లేచేసరికి పిల్ల ఇంట్లో లేదు. ట్యూషన్ వేళ కూడా కాదు. పరీక్షలయ్యాక ట్యూషనేంటి! టీచర్ గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరిగింది. ఎండ గడప దాటాక చెప్పుల చప్పుడైంది. మేనకోడలు లోపలికొచ్చి, ఆవిడ ముందు నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వేళ్ల నిండా సుద్ద.

"ఎక్కడికెళ్లావే?"

"ట్యూషన్ సార్ దగ్గరికి. కొత్త బ్యాచ్ నడుస్తోంది. వెళ్లి, వయసు లెక్కలో మైనస్ ఎందుకు కొట్టెయ్యమన్నారు సార్ అనడిగా. ఏళ్లు మైనస్ ఎలా ఉంటాయమ్మా అన్నాడు."

"అన్నాడా!"

"అంటే, ఆయన చేతిలో సుద్ద లాక్కుని మన లెక్క వేశా. మా అత్తకి నలభై నాలుగు, నాకు పదహారు. ఎన్నేళ్ల తర్వాత మా అత్త వయసు నా వయసుకి మూడు రెట్లవుతుంది? చెయ్యండి సార్ అన్నా."

టీచర్ పెదాలు వాటంతటవే కదిలాయి. నలభై నాలుగూ x... నలభై ఎనిమిదీ మూడు x... "మైనస్ రెండు," అంది.

"సరిచూడు."

టీచర్ తెల్లబోయింది. ఆ మాట తనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. "రెండేళ్ల కిందట నాకు నలభై రెండు. నీకు పధ్నాలుగు. మూడు పధ్నాలుగులు నలభై రెండు..." ఆగిపోయింది. "నువ్వీ ఇంటికొచ్చిన ఏడు."

"అదే చెప్పా సార్‌కి. ఆ మైనస్ కొట్టేస్తే నేనింకా మా అత్త ఇంటికి రానట్టే సార్, మరి రెండేళ్లుగా నాకెవరు తిండి పెట్టారు అని అడిగా." పిల్ల ముక్కు ఎగబీల్చింది. "ఆ బ్యాచ్‌లో పిల్లలంతా పుస్తకాలు తీసి పాత లెక్కలన్నీ సరిచూడ్డం మొదలెట్టారత్తా. నన్ను బయటికి పొమ్మన్నాడు. ఫీజు వాపసిస్తేనే పోతా అన్నా."

"ఇచ్చాడా?"

"రేపు రమ్మన్నాడు." సుద్ద చేతులు లంగాకి తుడుచుకుంది. "నాకు నీ మీద కోపం పోలేదు. చెప్తున్నా."

"ఉండనీ."

"రేపు నువ్వు కూడా రా. సరిగ్గా పదింటికి," అంది పిల్ల. స్క్రూడ్రైవరు అందుకుని, ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని, మొన్న బిగించిన ప్లగ్గుని మళ్లీ విప్పి, వైర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడం మొదలెట్టింది.